ప్రమోద కుమార ఛటోపాధ్యాయ

ప్రమోద కుమార ఛటోపాధ్యాయ (1885–1979) బెంగాలీ చిత్రకారుడు, రచయిత. ఆధునిక ఆంధ్ర చిత్రకళకు గురువుల్లో ఆయన ఒకరు. కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో చదివారు. సాధుసాంగత్యం కోసం హిమాలయాల్లో, టిబెట్‌లో తిరిగారు. కైలాస మానససరోవర యాత్రను, తాంత్రిక సాధకుల పరిచయాలను బెంగాలీలో గ్రంథాలుగా రాశారు.

తెలుగువారికి ముఖ్యమైనది ఆయన బందరు (మచిలీపట్నం) కొలువు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య 1910లో అక్కడ నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో, 1920ల్లో చిత్రలేఖనం నేర్పారు. ఆయన నేర్పిన బెంగాల్ శైలిలో నీటిరంగు వేసి, ఆరనిచ్చి, కాగితాన్ని మళ్లీ నీట తడిపి, పైన మరో పూత వేస్తారు. అలా పదేపదే చేస్తే గీత మెత్తబడి, బొమ్మంతా పలుచని మంచు కమ్మినట్టు కనిపిస్తుంది. తొందరపడితే కాగితం పాడవుతుంది. ఓర్పే అందులో సగం విద్య.

శిష్యుల్లో అగ్రగణ్యుడు అడివి బాపిరాజు (1895–1952). అంతకుముందు రాజమండ్రిలో ఆంగ్లేయ అధ్యాపకుడు కూల్డ్రే దొర ఆయనలో కళాసక్తి రగిలించినా, కుంచెకు భారతీయ బాణీ పట్టుబడింది బందరులోనే అనాలి. ‘నారాయణరావు’ నవలాకారుడిగా బాపిరాజును ఎరిగినంతగా ఆయన గురువును మనం ఎరగకపోవడం అన్యాయం. తర్వాతి కాలంలో బాపిరాజు ఆ జాతీయ కళాశాలకే ప్రధానాచార్యులయ్యారు.