నిచక్షుడి వరద

కందకం గోడను తాపీతో గీకి నునుపు చేశారు. శీతాకాలపు ఎండ పక్క నుంచి పడేసరికి మట్టి పొరలు విడివిడిగా తేలాయి. పైన ఇటుక గోడల ఆనవాళ్లు. వాటి కింద ఇళ్లు కాలిన నలుపు. ఇంకా కిందికి పోతే బూడిద రంగు కుండ పెంకులు నిండిన మట్టి. ఆ పొర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిన్నగా సాగాలి. సాగలేదు. ఒకప్పుడు నది పారిన వైపుకు వచ్చేసరికి ఏటవాలుగా తెగిపోయింది. తెగిన చోట జిగట ఒండ్రు పేరుకుని ఉంది. ఒండ్రులో మళ్లీ అవే బూడిద రంగు పెంకులు. ఇళ్లలో పగిలి పడినవి కావవి, నీళ్లలో దొర్లి వచ్చినవి.

కూలీలకు అది మట్టి మారడం. ఆ కందకం అంచున నిలబడిన ముప్పై ఏళ్ల అధికారికి మాత్రం ఎప్పుడో చదువుకున్న వంశావళి ఒకటి మెదిలి ఉండాలి.

ఆ చోటు ఉత్తరప్రదేశ్‌లో, మీరట్‌కు ఈశాన్యంగా ఉన్న హస్తినాపురం. కాలం 1950కి, 1952కి మధ్య. ఆ అధికారి భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు చెందిన బ్రజ్ బాసీ లాల్. బి.బి. లాల్ అంటేనే లోకానికి తెలుసు.

లాల్ చేతిలో తాపీ పడకముందు సంస్కృతం పడింది. 1921లో ఝాన్సీలో పుట్టి, అలహాబాద్ విశ్వవిద్యాలయంలో సంస్కృతం ఎం.ఏ. చేశారు. 1944లో మార్టిమర్ వీలర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చి, తక్షశిలలో కుర్రాళ్లను పోగేసి తవ్వకం ఎలా చేయాలో నేర్పితే, వాళ్లలో లాల్ ఒకరు. అంతకుముందు మన దగ్గర తవ్వకమంటే గోడలు బయటపెట్టడం, విగ్రహాలు ఏరుకోవడం. వీలర్ పొర చూడమన్నాడు. ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో రాయకపోతే ఆ వస్తువు దొరికినా దొరకనట్టేనన్నాడు. ఇటు పురాణాలు చదివిన కళ్లు, అటు పొరలు చదవడం నేర్చిన కళ్లు. రెండూ ఒకే మనిషికి ఉండటం ఆ రోజుల్లో అరుదు. ఈ కథంతా అక్కడి నుంచే పుట్టింది. దీని మీద వచ్చిన తగవులకు కూడా అదే మొదలు.

అప్పటి పరిస్థితి గుర్తు చేసుకోవాలి. 1947లో గీసిన గీతతో మొహెంజొదారో, హరప్పా, తక్షశిల మూడూ పాకిస్తాన్‌కు పోయాయి. భారతదేశం వైపు మిగిలిన పురావస్తు పరిశోధకులకు చరిత్ర మధ్యలో పెద్ద ఖాళీ కనిపిస్తోంది. సింధు నగరాలు అంతరించిన నాటికీ, బుద్ధుడి నాటికీ మధ్య వెయ్యేళ్లకు పైగా కాలం. ఆ వెయ్యేళ్ల గురించి పుస్తకాలకు కొరత లేదు. వేదాలున్నాయి, బ్రాహ్మణాలున్నాయి, ఉపనిషత్తులున్నాయి, భారతముంది. మట్టిలో మాత్రం చూపించడానికి ఏమీ లేదు. లాల్ ఆలోచన సూటిగా సాగింది. భారతం చెప్పే ఊళ్లు నేటికీ అవే పేర్లతో ఉన్నాయి కదా, వాటి అడుగున ఏముందో చూద్దాం.

హస్తినాపురం, మధుర, కురుక్షేత్రం, పానిపట్, బాగ్‌పత్, తిల్‌పత్, బర్నావా. ఒక్కో దిబ్బ ఎక్కి పెంకులు ఏరారు. చాలా చోట్ల అడుగున ఒకే రకం దొరికింది. సారె మీద చేసిన పలచని బూడిద రంగు కంచాలు, గిన్నెలు. వాటి మీద నల్లని గీతలు, చుక్కలు, వలయాలు, అక్కడక్కడా స్వస్తికం. ఆవంలో గాలి తగలకుండా కాల్చితేనే ఆ బూడిద వన్నె వస్తుంది. పనివాడి చేయి తిరిగి ఉంటేనే ఆ పలచదనం కుదురుతుంది. 1940లలో అహిచ్ఛత్రలోనూ ఇవి బయటపడ్డాయి గానీ, అవి ఏ కాలానివో తేలలేదు. హస్తినాపురం తవ్వితే తేలుతుందని లాల్ ఆశ.

దిబ్బ పక్కన సన్నగా పారే పాయను బూఢీ గంగ అంటారు, ముసలి గంగ. అసలు గంగ తూర్పుగా మైళ్ల దూరం జరిగిపోయింది. దిబ్బకు దగ్గర్లోనే కొత్త హస్తినాపురం లేస్తోంది. విభజనతో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ల కోసం 1949లో నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. ఒకప్పుడు జనం వదిలిపోయారని పురాణం చెప్పే ఊరికే శరణార్థులు వచ్చి చేరుతున్నారు.

ఇంతకీ పురాణం ఏమంటుంది?

కలియుగ రాజుల జాబితాలు మత్స్య, వాయు, విష్ణు, భాగవత పురాణాల్లో ఉన్నాయి. 1913లో ఎఫ్.ఇ. పార్గిటర్ అనే ఇంగ్లీషు పండితుడు చేతిరాత ప్రతులు ముందేసుకుని వాటిని పక్కపక్కన పేర్చి అచ్చువేశాడు. పరీక్షిత్తు తర్వాత జనమేజయుడు, శతానీకుడు, అశ్వమేధదత్తుడు, అధిసీమకృష్ణుడు. ఈ అధిసీమకృష్ణుడు ఏలుతుండగా సూతుడు ఋషులకు కథ చెబుతున్నట్టు మత్స్య, వాయు పురాణాలు నడుస్తాయి. కాబట్టి అక్కడి నుంచి ముందుకు సాగేదంతా జోస్యం. అతడికి నిచక్షుడనే కొడుకు పుడతాడు, గంగ హస్తినాపురాన్ని ఊడ్చుకుపోతుంది, నిచక్షుడు ఊరు వదిలి కౌశాంబిలో ఉంటాడు. అంతే. రెండు ముక్కల్లో తేల్చేసి పురాణం తర్వాతి రాజు పేరుకు వెళ్లిపోతుంది. జరిగిపోయినదాన్ని జరగబోయేదిగా చెప్పడం పౌరాణికుల అలవాటు. దాన్ని నమ్మాలో లేదో చరిత్రకారులు అప్పటిదాకా తేల్చుకోలేదు.

ఆ రెండు ముక్కలు తెలిసినవాడికి కందకం గోడలో ఒండ్రు కనిపించింది.

గోడ మీది గాయం ఒక్కటే చాలదు. వాన నీళ్లు కోసినా అలాంటి గండి పడొచ్చు. అందుకని పాత నదీగర్భంలో బోరు దింపించారు. లోతు నుంచి పైకి వచ్చిన ఇసుక ముద్దల్లో చిక్కుకుని అవే బూడిద రంగు పెంకులు వచ్చాయి. అంటే దిబ్బలో కొంత భాగాన్ని నది కోసి తనలో కలుపుకుంది. ఆ పొర తర్వాత అక్కడ కొంతకాలం మనుషుల జాడ లేదు. నివేదికలో లాల్ దీన్ని బూడిద రంగు కుండల కాలమైన రెండో దశ ముగింపుగా, క్రీ.పూ. 800 ప్రాంతంగా లెక్కవేశారు.

వరద వచ్చిన రాత్రిని ఊహించడానికి తవ్వకంలో దొరికిన సామాను చాలు. రెల్లు దడులకు మట్టి మెత్తిన ఇళ్లు. కొన్నింటికి మట్టి గోడలు. కాల్చిన ఇటుక లేదు, రాతి స్తంభం లేదు. గాదెలో వడ్లు ఉన్నాయి, మాడిన గింజలు దొరికాయి. దొడ్లో ఆవులు, గేదెలు, గొర్రెలు. పందులు కూడా. గుర్రాల ఎముకలు ఉన్నాయి కాబట్టి కట్టుకొయ్యకు గుర్రమూ ఉండి ఉంటుంది. ఆడవాళ్ల చేతులకు గాజు గాజులు. రాగి బాణపు మొనలు, గోళ్లు తీసుకునే రాగి పనిముట్టు. పై పొరల్లో ఇనుము కరిగించిన చిట్టెం. పశువుల ఎముకల మీద కోత గాట్లు ఉన్నాయి. అదీ నివేదికలో ఉన్నదే, కొందరికి రుచించకపోయినా దాచడానికి వీల్లేదు. వానాకాలం గంగ ఒడ్డు మీదికి ఎక్కితే రెల్లు దడి ఎంతసేపు నిలుస్తుంది? ముందు అంచునున్న ఇళ్లు జారి ఉంటాయి. చంకన పిల్లను ఎత్తుకోగలరు, గొడ్లను విప్పి తోలగలరు. కంచాలూ గిన్నెలూ అక్కడే వదిలేయాలి. వాటిలో కొన్ని కందకం గోడలో దొరికాయి. మిగిలినవి గంగ పట్టుకుపోయింది.

ఇప్పుడు ఇబ్బందికరమైన ప్రశ్న. ఇదేనా హస్తినాపురం?

మనకు తెలిసిన హస్తిన వేరు. మయసభ ఇంద్రప్రస్థానిదే అయినా, జూదం జరిగిన కొలువుకూటం, మేడలు, రథాలు బారులు తీరిన రాజవీధులు మనం పుట్టినప్పటి నుంచి విన్నవి. వాటికి కందకంలో చోటు లేదు. లాల్ తవ్వింది దిబ్బలో చిన్న భాగమే, రాజుగారి ఇల్లు తవ్వని చోట ఉండొచ్చు కదా అని సమాధానం చెప్పుకోవచ్చు. కానీ ఆ బూడిద రంగు కుండల కాలంలో ఉత్తర భారతంలో ఎక్కడ తవ్వినా మేడలు రాలేదు. మట్టి, రెల్లు, పశువులు, వరి. కావ్యం పెరిగిన కొద్దీ మేడలు పెరిగాయనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. నన్నయ రాజమహేంద్రవరంలో కూర్చుని హస్తినను తెలుగు చేస్తున్న 11వ శతాబ్దపు నడిమి కాలానికి అసలు దిబ్బ దాదాపు ఎనిమిది వందల ఏళ్లుగా ఖాళీగా ఉంది. క్రీ.శ. మూడో శతాబ్దం చివర వదిలిపోయిన జనం మళ్లీ 11వ శతాబ్దం చివర్లోగానీ రాలేదని పొరలు చెబుతున్నాయి. ఊరు లేకపోయినా కావ్యంలో పట్నం వెలుగుతూనే ఉంది.

నిచక్షుడి పేరు ఏ పెంకు మీదా లేదు. ఆ కాలానికి అక్కడ రాత దొరకలేదు. పేరున్న సాక్ష్యం ఎలా ఉంటుందో తెలియాలంటే నిచక్షుడు వెళ్లాడంటున్న కౌశాంబికే పోవాలి. 1949 నుంచి అలహాబాద్ విశ్వవిద్యాలయం తరఫున జి.ఆర్. శర్మ అక్కడ తవ్వించారు. ఘోషితుడనే శ్రేష్ఠి బుద్ధుడికి కట్టించి ఇచ్చిన విహారం ఒకటి కౌశాంబిలో ఉందని బౌద్ధ గ్రంథాలు పదే పదే చెబుతాయి. శర్మ తవ్విన విహారంలో దొరికిన శాసనం మీద ఘోషితారామం అని చెక్కి ఉంది. గ్రంథం చెప్పింది, రాయి అవునంది. ఇక వాదన లేదు. హస్తినాపురంలో గ్రంథం చెప్పింది, మట్టి తలూపినట్టు కనిపించింది. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో లాల్‌కు తెలుసు. లిఖిత సాక్ష్యం దొరికేదాకా తన నిర్ణయాలు తాత్కాలికమేనని నివేదికలోనే రాశారు. 1954–55లో ఆ నివేదిక శాఖ పత్రికలో అచ్చయింది. మహాభారతం రుజువైందన్న మాట ఊరూరా పాకింది. తాత్కాలికమన్న మాట పత్రికలోనే ఉండిపోయింది.

కాలం లెక్క చూస్తే ముడి ఇంకా బిగుస్తుంది. రెండో పులకేశి కాలపు ఐహోళె శాసనం, అంటే మన వేంగిలో రాజ్యం పెట్టిన కుబ్జ విష్ణువర్ధనుడి అన్నగారి శాసనం, క్రీ.శ. 634లో భారత యుద్ధానికి 3,735 ఏళ్లయ్యాయని చెబుతుంది. అంటే యుద్ధం క్రీ.పూ. 3102 ప్రాంతానిది. పంచాంగకర్తల కలియుగారంభమూ అదే. పార్గిటర్ రాజుల జాబితా లెక్కపెట్టి, ఒక్కొక్కరికి సగటున 18 ఏళ్లు వేసి, క్రీ.పూ. 950 అన్నాడు. లాల్ అదే దారిలో పోయారు గానీ సగటు తగ్గించారు. పరీక్షిత్తు నుంచి బుద్ధుడి కాలపు ఉదయనుడి దాకా 24 మంది, తలా 14 ఏళ్లు, మొత్తం 336. ఉదయనుడిని క్రీ.పూ. 500 దగ్గర పెడితే యుద్ధం 836 దగ్గర పడుతుంది. తవ్వకంలో వరద 800 ప్రాంతానిది కాబట్టి రెండూ చక్కగా కలిశాయి. మరీ చక్కగా కలిశాయేమో. పరీక్షిత్తు తర్వాత అయిదో వాడైన నిచక్షుడు తలా 14 ఏళ్ల లెక్కన ఎనిమిదో శతాబ్దపు నడుముకు జారతాడు, వరద అతడికంటే ముందే వచ్చేస్తుంది. సగటును నాలుగేళ్లు మార్చి చూడండి, కురుక్షేత్రం శతాబ్దం అటు జరుగుతుంది. ఇంత వంగే లెక్కతో దేన్నయినా దేనితోనైనా కలపొచ్చు.

గంగ ఒడ్డున వరద రావడం వింత కాదు. ఆ మాట విమర్శకులు అప్పుడే అన్నారు. అయినా లాల్ చేసిన పనిలో గట్టిది ఒకటుంది, వరద గొడవలో పడి జనం దాన్ని పట్టించుకోలేదు. పురాణాన్ని పక్కన పెట్టినా, బూడిద రంగు కుండల వాళ్లు బుద్ధుడి కాలపు నల్లని మెరుగు కుండల వాళ్లకంటే ముందువాళ్లని హస్తినాపురం పొరలు తేల్చాయి. చరిత్రలోని ఆ వెయ్యేళ్ల ఖాళీలో మొదటిసారి మనుషులు కనిపించారు. ఏం తిన్నారో, ఏ గిన్నెలో తిన్నారో, ఏ గోడల మధ్య పడుకున్నారో తెలిసింది. లాల్‌ను అక్కడికి తీసుకెళ్లింది పురాణమే. అది లేకపోతే ఆ దిబ్బ ఎక్కేవారే కాదు. తరువాతి కాలంలో ఆయన రామాయణ స్థలాలు తవ్వారు, అయోధ్య వివాదంలో ఆయన మాట అందరి నోళ్లలో నానింది, 2022లో కన్నుమూసే దాకా ఆయన చుట్టూ వాదాలు ఆగలేదు. హస్తినాపురం నివేదిక మాత్రం ఆయనతో విభేదించేవాళ్లూ పక్కన పెట్టుకుని చదివేదే. 2020 కేంద్ర బడ్జెట్‌లో ప్రత్యేకంగా అభివృద్ధి చేస్తామన్న అయిదు పురావస్తు స్థలాల్లో హస్తినాపురం ఒకటి.

వరద తర్వాతి సంగతి చాలామంది చదవరు. కొంతకాలం ఖాళీగా ఉన్న దిబ్బ మీదికి క్రీ.పూ. ఆరో శతాబ్దపు తొలినాళ్లలో మళ్లీ జనం వచ్చారు. వీళ్లు కాల్చిన ఇటుకతో ఇళ్లు కట్టారు. మురుగు కాల్వలు వేశారు, మట్టి ఒరలతో బావులు దింపారు, నాణేలు వాడారు. పట్నమని పిలవదగ్గ హస్తినాపురం అప్పుడే లేచింది, పురాణం లెక్కన కురురాజులు కౌశాంబికి తరలిపోయి చాలా కాలమయ్యాక. ఆ పట్నమూ మిగల్లేదు. క్రీ.పూ. మూడో శతాబ్దం తొలినాళ్లలో పెద్ద అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కందకం గోడలో ఆ నల్లని పొర ఒండ్రు కంటే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మంటకు మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ఏ రాజు పేరూ పెట్టలేదు.