చాకు మడతలో రంపం

స్విట్జర్లాండ్ సైన్యం తన సిపాయి జేబులోకి రంపాన్ని రానివ్వడానికి 118 ఏళ్లు పట్టింది. 1890లో ఖరారైన తొలి సైనిక చాకులో రంపం లేదు. 1908లో, 1951లో, 1961లో నమూనాలు మారాయి, కొయ్య పిడి పోయి చివరికి గరుకు అల్యూమినియం పిడి వచ్చింది, రంపం మాత్రం రాలేదు. 2008లో ఆకుపచ్చ, నలుపు రంగుల పిడితో 111 మిల్లీమీటర్ల కొత్త చాకు వచ్చినప్పుడే అందులో కట్టె కోసే రంపానికి చోటు దొరికింది. వేలెడంత రంపంతో ఏ చెట్టు కూలుతుందని నవ్వేవాళ్లకు ఈ ఆలస్యం బలమైన సాక్ష్యంలా కనిపిస్తుంది. నిజంగా పనికొచ్చేదైతే అంత క్రమశిక్షణ గల సైన్యం శతాబ్దానికి పైగా దాన్ని బయట నిలబెడుతుందా అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అయితే ఆ చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే, రంపాన్ని కాదన్నవాళ్లంతా దాన్ని గొడ్డలి పక్కన నిలబెట్టి కొలిచారని తెలుస్తుంది. దాన్ని కొలవాల్సింది కత్తి పక్కన. కత్తికి చేతకాని ఒకే ఒక్క పని ఉంది, ఆ చిన్న రంపం పుట్టింది ఆ పని కోసమే.

ముందు సైన్యం సంగతి. కార్ల్ ఎల్సెనర్ 1884లో ష్వీజ్ ప్రాంతంలోని ఇబాక్ ఊళ్లో కత్తుల కార్ఖానా పెట్టాడు. అప్పటికి స్విస్ సైన్యంలో రెండు మార్పులు వస్తున్నాయి. ఒకటి డబ్బాల్లో మూసిన తిండి. రెండోది 1889 నమూనా ష్మిట్-రూబిన్ తుపాకీ, దాన్ని విప్పాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. అందుకే 1890 చాకులో నాలుగే సాధనాలు పెట్టారు: బ్లేడు, డబ్బా మూత కోసేది, స్క్రూడ్రైవర్, బెజ్జం పొడిచే దబ్బనం. తొలి విడత చాకులు జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చాయి, 1891 నుంచి ఎల్సెనర్ సరఫరా మొదలుపెట్టాడు. ఆ నాలుగింటిలో ప్రతిదానికీ సిపాయి సంచిలో తగిన వస్తువు ఒకటుంది, కట్టె మాత్రం ఆ సంచిలో లేదు. 1897 జూన్ 12న ఎల్సెనర్ హక్కులు నమోదు చేసుకున్న 'ఆఫీసర్ల చాకు'లో మరో చిన్న బ్లేడు, కార్క్ స్క్రూ చేరాయి. అంటే కట్టె కన్నా వైను సీసా ముందు గుర్తొచ్చిందన్నమాట. ఆఫీసర్ల అవసరాలు ఆఫీసర్లవి! ఆ చాకును సైన్యం ఇవ్వలేదు, కావలసినవాళ్లు కొనుక్కున్నారు. తర్వాతి కాలంలో రంపం చేరింది కూడా ఇలా అంగట్లో అమ్మే చాకుల్లోనే. కొన్ని రంపపు నమూనాలకు పెట్టిన పేర్లు చూడండి: రైతు, వేటగాడు, గుడారవాసి. అడిగిందెవరో పేర్లే చెబుతున్నాయి.

కొయ్యతో బతికినవాళ్ల సంప్రదాయంలోనూ చాలాకాలం జేబు రంపానికి చోటు లేదు. హెర్మన్ మెల్విల్ 1851 నాటి 'మోబీ డిక్' నవలలో ఓడ వడ్రంగిని షెఫీల్డ్‌లో తయారయ్యే అనేక సాధనాల చాకుతో పోలుస్తాడు. ఆ చాకులో ఏమేమి ఉంటాయో వరసగా చెబుతాడు, స్క్రూడ్రైవర్ నుంచి గోళ్లు రుద్దుకునే ఆకురాయి దాకా. ఆ వరసలో రంపం లేదు. వడ్రంగికి పోలికగా తెచ్చిన చాకులోనే రంపం లేకపోవడం తమాషాగా ఉంటుంది. ఎల్సెనర్ కార్ఖానా తెరిచిన 1884లోనే అమెరికాలో 'నెస్మక్' అనే కలం పేరుతో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 'వుడ్‌క్రాఫ్ట్' పుస్తకం వెలువరించాడు. అడవి బసకు ఆయన ఎంచుకున్నవి మూడు: రెండంచుల చిన్న గొడ్డలి, ఒర కత్తి, మడత చాకు. ఆ మూడు పనిముట్ల జాబితా ఇప్పటికీ బసగాళ్లకు పాఠంలాంటిది. పెద్ద కట్టెకు గొడ్డలి, సన్న పనికి కత్తి అన్నది అందులోని లెక్క. ఆ రెంటికీ మధ్య, బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు దాకా ఉన్న కర్రను అడ్డంగా, నున్నగా తెంచడం ఎలా అన్నదానికి ఆ జాబితాలో సరైన జవాబు లేదు. గొడ్డలి అంత సన్న కర్రను ఎగరేస్తుంది, కత్తి దాన్ని కొరుకుతుంది.

సైన్యం రంపాన్ని అసలు మొయ్యలేదనుకుంటే పొరపాటు. మోసింది, అయితే పెట్టకూడని చోట పెట్టి మోసింది. స్విస్ సైన్యంలో దారులు, వంతెనలు వేసే పయనీర్ దళాలకు ఇచ్చిన 1906, 1914 నమూనాల బాయ్‌నెట్లకు వీపు పొడవునా రంపం పళ్లు ఉన్నాయి. జర్మన్ సైన్యమూ అలాంటివి వాడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వాటికి చెడ్డపేరు వచ్చింది. శత్రువుకు చిక్కినవాడి దగ్గర రంపపు బాయ్‌నెట్ కనిపిస్తే ప్రాణం దక్కదన్న భయం కందకాల్లో ఎంతగా పాకిందో రెమార్క్ నవల 'ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్'లో చూడొచ్చు. క్రౌర్యం సంగతి అలా ఉంచితే, పనిముట్టుగానూ అది అరకొరదే. బాయ్‌నెట్ బలమంతా దాని మందపాటి వీపులో ఉంటుంది. ఆ మందం మీద పళ్లు కోస్తే కోత వెడల్పవుతుంది, చేతి శ్రమలో సగం పొట్టు రాల్చడానికే పోతుంది, కాస్త లోతుకు దిగగానే ఇనుము చెక్కలో ఇరుక్కుంటుంది. పైగా కోసేటప్పుడు పదునైన అంచు ఆకాశం వైపు చూస్తుంటుంది. 1982లో వచ్చిన 'ఫస్ట్ బ్లడ్' సినిమాలో రాంబో చేతి కత్తి వీపు మీదా పళ్లే. దాని తర్వాత బజారు నిండా దిగిన చవక నకళ్లు కొని కర్ర కోయబోయినవాళ్లకు ఎదురయ్యేదీ ఇదే ఇబ్బంది. చాకు రంపాన్ని వెక్కిరించేవాళ్లలో కొందరి మనసులో నిజానికి ఈ వీపు రంపమే ఉంటుందని నా అనుమానం. రెండూ ఒకటి కావు.

చాకులోని రంపం విడి రేకు. దాన్ని గోటితో బయటికి లాగి వెలుతురులో అంచు మీదుగా చూస్తే కిటుకు తెలుస్తుంది. మామూలు వడ్రంగి రంపంలో పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కొద్దిగా వంచుతారు. కోత రేకు కన్నా వెడల్పుగా పడి రేకు పట్టెయ్యకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. ఈ చిన్న రంపంలో అలా వంచరు. రేకునే పళ్ల దగ్గర మందంగా, వీపు వైపు పలచగా సాన పడతారు. పళ్లు చేసిన దారిలో వెనకున్న ఇనుము రాసుకోకుండా జారుతుంది. అడ్డదిడ్డంగా రెండు వరసలుగా తీర్చిన పళ్లు కావడంతో లాగినా కోస్తుంది, తోసినా కోస్తుంది. జపాన్ రంపం లాగితేనే కోస్తుంది కాబట్టి రేకు పలచగా ఉన్నా వంగదు. ఐరోపా వడ్రంగి రంపం తోస్తే కోస్తుంది కాబట్టి రేకు గట్టిగా ఉండాలి. ఈ బుల్లి రంపానికి ఆ తగువు లేదు, దాని పొట్టితనమే దానికి బిగువు.

ఆ పొట్టితనమే దాని మొదటి నేరం కూడా. ఈ అభ్యంతరాన్ని దాటవెయ్యకుండా లెక్క వేద్దాం. 91 మిల్లీమీటర్ల చాకులో పళ్లున్న పొడవు సుమారు 7 సెంటీమీటర్లు. 2 సెంటీమీటర్ల కర్ర కోస్తే రంపానికి ఆడే చోటు 5 సెంటీమీటర్లు. 4 సెంటీమీటర్ల కర్రకు మిగిలేది 3 మాత్రమే, కోయాల్సిన చెక్కేమో నాలుగింతలు. మొత్తం మీద శ్రమ ఆరేడు రెట్లు. 5 సెంటీమీటర్లకు వెళితే ఆడే చోటు 2కి తగ్గి శ్రమ పదిహేను రెట్లు దాటుతుంది. కాబట్టి మణికట్టు లావు దుంగను దీనితో కోసి చలిమంట వేస్తానన్నవాడు తెల్లారేదాకా కోస్తూనే ఉంటాడు. అభ్యంతరం నూటికి నూరుపాళ్లు నిజం. అయితే అదే లెక్క మరో మాటా చెబుతోంది: 2 సెంటీమీటర్ల దగ్గర ఈ రంపానికి అసలు కష్టమే లేదు. గుడారం దగ్గర చేసుకునే మేకులు, గిన్నె వేలాడదీసే కొంకి, తాడు బిగించే కర్ర, ఇవన్నీ ఆ లావువే.

గుడారం మేకునే తీసుకుందాం. బొటనవేలి లావు కర్ర, జానెడు పొడవు. తాడు జారకుండా తల దగ్గర ఒక గాటు కావాలి. చెక్క పోగులు నిలువునా పడుకుని ఉంటాయి, కత్తి వాటి వెంట వెన్నలా పోతుంది, అడ్డం పెడితే మొరాయిస్తుంది. కత్తి ఒక్కదానితో గాటు పెట్టబోతే రెండు వైపులా చెక్కుతూ పోవాలి, చివరికి వాలుగా ఒక లోయ లాంటిది పడుతుంది, తాడు దానిమీంచి జారిపోతుంది. కొంచెం బలం ఎక్కువైతే చీలిక తల దాకా పాకి కర్రే పోతుంది. ఇప్పుడు రంపంతో తలకి రెండు వేళ్ల కింద, కర్ర లావులో పావు వంతు లోతుకు అడ్డంగా నాలుగైదు సార్లు ఆడించండి. తర్వాత బ్లేడు తీసి, కింది నుంచి ఆ కోత వైపు పలచగా చెక్కండి. చీలిన పేడు కోత దగ్గరికి రాగానే టక్కున ఊడి పడుతుంది, ఆ పైకి పోదు. ఒక గోడ నిటారుగా, ఒక గోడ వాలుగా గాటు తయారు. వడ్రంగి రంపంతో హద్దు కోసి ఉలితో తవ్వే పద్ధతి ఇదే. ఉలి చేసే పని ఇక్కడ చాకు చేసింది, హద్దు గీసింది రంపం. గొడ్డలి ఎంత పెద్దదైనా ఈ పని చెయ్యదు.

వెదురు ఇంకో రుజువు, పై లెక్కకు మినహాయింపు కూడా. వెదురును నిలువునా చీల్చడానికి కత్తి చాలు. అడ్డంగా నరికితే పగులు కణుపు దాకా వెళుతుంది. బోలు కాబట్టి 5 సెంటీమీటర్ల బొంగును కూడా తిప్పుకుంటూ గోడ మందం మేర చుట్టూ కోస్తే సరిపోతుంది, కణుపు కింద తెంచితే లోటా సిద్ధం.

రెండో అభ్యంతరం నైతికమైనది, నా దృష్టిలో మొదటిదానికన్నా బరువైనది. ఈ కాలంలో అడవిలో కొయ్యడం ఏమిటి? 'లీవ్ నో ట్రేస్' పేరుతో అమెరికాలో వ్యాపించిన బస నియమాలు, మంట వేయక తప్పకపోతే నేల మీద పడి ఉన్న ఎండుపుల్లలు, చేత్తో విరిగేవి మాత్రమే వాడమంటాయి. అలాగైతే రంపంతో పనే లేదు. మన దగ్గరా రిజర్వు అడవుల్లో చెట్టు నరకడం, నిప్పు రాజెయ్యడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరాలు. ఇదీ ఒప్పుకోవాల్సిందే. నల్లమలలో బస చేసేవాడి చాకులో రంపం మడత విప్పకుండా ఉండడమే మర్యాద. అయితే బసలన్నీ అడవిలోనే ఉండవు, మామిడితోటలో, పొలం గట్టున, అనుమతి ఉన్న చోట్ల కూడా ఉంటాయి. 'చేత్తో విరిగేవి' అన్న మాటలోనూ ఒక మెలిక ఉంది. ఎండిన తుమ్మ కొమ్మ బొటనవేలి లావున్నా మోకాలికే దెబ్బ గానీ కొమ్మ విరగదు. దాన్ని మూడో వంతు కోసి, కోత బయటి వైపు ఉండేలా పట్టుకుని వంచితే తెగుతుంది. రంపాన్ని నరికే ఆయుధంగా కాక విరిచే చోటు గుర్తుపెట్టే పనిముట్టుగా వాడితే ఇందాకటి పొట్టితనం లెక్క కూడా సగం కరుగుతుంది, ఎందుకంటే కోయాల్సింది మూడో వంతే.

మూడో అభ్యంతరం చెప్పేవాళ్లు తెలిసినవాళ్లు. కొయ్యాలనే ఉంటే సరైన మడత రంపం పెట్టుకోవచ్చు కదా అంటారు. స్వీడన్ పేరున్న బాకో లాప్లాండర్ రేకు 19 సెంటీమీటర్లు, జపాన్ సిల్కీ రంపాలు అంతకన్నా చురుకు. వాటి ముందు చాకు రంపం ఆటవస్తువే. కట్టె కోసమే బయలుదేరేవాడు వాటినే తీసుకోవాలి, ఇందులో వాదన లేదు. జేబులో పట్టాలని తీగ రంపం కొనడం మాత్రం నాకు నచ్చని తెలివి. ఆ తీగకు మూలం ఇటలీ వైద్యుడు లియొనార్డో జీలి 1894లో ఎముక కోయడానికి రూపొందించిన శస్త్రచికిత్స రంపం. రెండు చేతులూ కావాలి, కర్రను పట్టుకోవడానికి మూడో చెయ్యి వెతుక్కోవాలి. చాకులో రంపం రేకు చేర్చితే పెరిగే బరువు ఇంచుమించు 15 గ్రాములు, అంటే రెండు పది రూపాయల నాణేలంత. పెద్ద రంపం తెద్దామా వద్దా అని ఇంటి దగ్గర తూకం వేసుకుని వదిలేసి వచ్చినవాడికి, ఏ తూకమూ వెయ్యకుండా జేబులో ఉండిపోయిన రంపం ఇది. 2008లో స్విస్ సైన్యం దాన్ని తీసుకున్నది కూడా గొడ్డలికి బదులుగా కాదు. అంతకు ముందే జర్మన్ సైనికులకు ఇచ్చిన 108 మిల్లీమీటర్ల చాకులో రంపం పని చేస్తూనే ఉంది.

నేను పూర్తిగా జవాబు చెప్పలేని అభ్యంతరం ఒకటుంది. 91 మిల్లీమీటర్ల చాకులో రంపానికి తాళం లేదు, స్ప్రింగు బిగువు మీదే నిలబడుతుంది. 2008 సైనిక చాకులో పెద్ద బ్లేడు తాళం పడుతుంది గానీ, రంపానికి ఆ భరోసా లేదు. తోసేటప్పుడు పళ్లు చెక్కలో పట్టి, చెయ్యి ముందుకు ఒరిగితే రేకు వేళ్ల మీదికి మడుచుకుంటుంది. అందుకే కోత మొదలుపెట్టేటప్పుడు పిడికి దగ్గరి పళ్లను కర్ర మీద ఆనించి, రెండు మూడు సార్లు తన వైపు లాగి దారి పడనివ్వాలి, ఆ తర్వాతే రెండు వైపులా ఆడించాలి. పచ్చి కొమ్మలో పొట్టు తడిసి పళ్ల మధ్య ముద్దకడుతుంది, అప్పుడు రంపం జారుతుంది, చెయ్యి బలం పెంచుతుంది, ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంటుంది. ఆగి, ఒక పుల్లతో ఆ ముద్దను గీకేసి మళ్లీ మొదలుపెట్టాలి.