కుట్టుమిషన్ మీద పుట్టిన రక్తనాళం - కిడ్నీల గండం

మన సంఘంలో డెబ్బై దాటినవారమే ఎక్కువ. ఎవరికైనా పెద్ద రక్తనాళానికి ఆపరేషన్ అంటే ఇంటిల్లిపాదీ గుండె సంగతే అడుగుతారు. కిడ్నీల సంగతి అడిగేవారు అరుదు. అందుకే ఈ ప్రత్యేక సంచికకు డాక్టర్ మైకేల్ డిబేకీగారి కథ ఎంచుకున్నాను.

1950లలో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఈయన బట్టల దుకాణానికి వెళ్ళి నైలాన్ గుడ్డ అడిగారట. అది అయిపోయింది, డాక్రాన్ అనే కొత్తరకం ఉందన్నారు. దాన్నే కొని, భార్య కుట్టుమిషన్ మీద గొట్టంలా కుట్టారు. చిన్నప్పుడు తల్లి నేర్పిన విద్య! చెడిపోయిన బృహద్ధమని స్థానంలో అటువంటి గొట్టాలు అమర్చడం క్రమంగా వాడుకలోకి వచ్చింది.

బృహద్ధమని గుండెనుంచి బయలుదేరే పెద్దకాలువ వంటిది. మరమ్మతు చేయాలంటే ప్రవాహం కట్టాలి. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదోవంతు కిడ్నీలకే పోతుంది. లాకు దించితే దిగువ పొలం ఎండినట్టు, రక్తం తగ్గితే వాటిలోని సన్నని నాళికలు దెబ్బతింటాయి. రక్తస్రావం, బి.పి. పడిపోవడం, వయసు, ముందునుంచీ ఉన్న కిడ్నీ జబ్బు దీనికి తోడవుతాయి. నాళం బాగుపడినా మూత్రం ఆగిపోవచ్చు.

ఈ గండానికి ఉపాయం వేరొకచోట పుట్టింది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, 1943లో, విలెమ్ కోల్ఫ్ అనే డాక్టరు సాసేజీలకు తొడిగే సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకు చుట్టి రక్తం శుద్ధిచేసే యంత్రం తయారుచేశారు. తొలి రోగులు దాదాపు అందరూ మరణించారు. 1945లో 67 ఏళ్ళ వృద్ధురాలు బతికి బయటపడింది. దెబ్బతిన్న కిడ్నీలు చాలామందిలో కొన్ని వారాలకు తేరుకుంటాయి. అంతవరకూ వాటి పని యంత్రం చూడాలి. అదే డయాలిసిస్.

2005 డిసెంబరు 31న, 97 ఏళ్ళ వయసులో, డిబేకీగారికే బృహద్ధమని పొర చీలింది. ఆపరేషన్ వద్దన్నారు. కొన్ని వారాలకు స్పృహ తప్పింది. వద్దన్నమాట రికార్డులో ఉన్నందున మత్తు డాక్టర్లు వెనకాడారు. ఆస్పత్రి నైతిక కమిటీ రాత్రివేళ సమావేశమైతే, రెండవ భార్య కత్రిన్‌గారు లోపలికి వెళ్ళి వెంటనే చేయమని పట్టుబట్టారు. రాతలో ఉన్నదాన్ని కాదని నిర్ణయించడం ఎంత కష్టమో, జీవితమంతా నోట్‌ఫైళ్ళు రాసిన నాకు తెలుసు. అయినా ఆమె చేసింది సబబే అంటాను.

2006 ఫిబ్రవరిలో డాక్రాన్ గొట్టమే ఆయనకూ అమర్చారు. తరువాత కిడ్నీలు మొరాయించాయి. వారాల తరబడి వెంటిలేటరు, డయాలిసిస్. సెప్టెంబరుకు ఇల్లు చేరారు. ఆపరేషన్ చేసినందుకు సంతోషమేనన్నారు. 2008 జూలైలో, నూరేళ్ళకు రెండు నెలల ముందు, కన్నుమూశారు.