క్లీన్‌రూమ్‌లో రక్షణ ఎవరికి?

సిలికాన్ వ్యాలీ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, వీసాలు. కానీ ఆ లోయకి ఆ పేరు తెచ్చింది చిప్పులు తయారుచేసిన ఫ్యాక్టరీలు. అంతకుముందు అక్కడ ఆప్రికాట్, ప్రూన్ తోటలుండేవి. తోటలు పోయి ఫ్యాక్టరీలొచ్చాయి. పొగగొట్టాలు లేవు కనక దీన్ని “శుభ్రమైన పరిశ్రమ” అన్నారు.

పొగ లేదు, నిజమే. ఆవిరి ఉంది. సిలికాన్ బిళ్ళల జిడ్డు వదిలించటానికి ట్రైక్లోరోఇథిలీన్, వాటిమీద కాంతికి స్పందించే పూత పూయటానికి గ్లైకాల్ ఈథర్లు వాడేవారు. ఇవన్నీ సేంద్రియ ద్రావణులు, వాడుకలో సాల్వెంట్లు. ఊపిరితోపాటు లోపలికి పోతాయి. గ్లైకాల్ ఈథర్లయితే చర్మంలోంచి కూడా ఇంకుతాయి.

మరి ఆ తెల్లసూట్లు, ముసుగులు, వడకట్టిన గాలి? అవన్నీ మనిషినుంచి చిప్పుని కాపాడటానికి. వడపోత ధూళిని పట్టుకుంటుందిగాని ఆవిరిని పట్టుకోదు. ఆ గాలినే మళ్ళీమళ్ళీ గదిలోకి తిప్పేవారు. ఆ గదుల్లో పనిచేసినవారిలో చాలామంది మెక్సికో, ఫిలిప్పీన్స్, వియత్నాంలనుంచి వలస వచ్చిన ఆడవాళ్ళు.

హెచ్చరికలు లేకపోలేదు. కొన్ని గ్లైకాల్ ఈథర్లు ఎలుకల వృషణాలను దెబ్బతీస్తాయని 1979లోనే జపాన్ పరిశోధకులు చూపించారు. 1982లో కాలిఫోర్నియా రాష్ట్రం హెచ్చరిక జారీచేసింది. 1986లో, మసాచుసెట్స్‌లోని డిజిటల్ కంపెనీ చిప్పుల ఫ్యాక్టరీలో కొన్ని విభాగాల స్త్రీలకి గర్భస్రావాలు సుమారు రెట్టింపుగా ఉన్నాయని ఒక అధ్యయనంలో తేలింది. చూసినవారి సంఖ్య తక్కువ, ఇంకా పెద్ద పరిశోధన కావాలన్నారు. అదీ జరిగింది. 1992లో చిప్పుల కంపెనీల సంఘం స్వయంగా చేయించిన అధ్యయనంలోనూ, ఐబీఎం చేయించినదానిలోనూ దాదాపు అదే ఫలితం వచ్చింది. ఆ తరవాతగాని ఆ ద్రావణులను వదిలించుకునే పని జోరందుకోలేదు. ఎలుకల కబురుకీ దీనికీ మధ్య పదమూడేళ్ళు. ఈలోపల పోయిన గర్భాలకి లెక్క ఎవరు చెప్తారు?

ట్రైక్లోరోఇథిలీన్ కథ ఇంకా నిదానం. అది మనుషుల్లో కేన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ తేల్చింది 2012లో. ఆ ఏడాది చివర్లోనే, మౌంటెన్ వ్యూలో పాత చిప్పుల ఫ్యాక్టరీల నేలమీద కట్టిన గూగుల్ ఆఫీసుల్లోకి, భూమిలో మిగిలిన ఆ ఆవిరి పరిమితికి మించి చేరింది. ఫ్యాక్టరీ మూసినా మందు పోలేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకీ పాత కార్మికుల గాలే అందింది.

తయారీ చాలావరకు సముద్రం దాటింది. తన చిప్పుల ఫ్యాక్టరీల్లో ఆరోగ్య ప్రమాదాలను సరిగా అదుపుచెయ్యలేదని 2018లో శామ్‌సంగ్ దక్షిణ కొరియాలో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఇప్పుడు కొత్త ఫ్యాక్టరీలు మన దేశానికీ వస్తున్నాయి, సంతోషమే. అక్కడ పనికి చేరే మన పిల్లలు తెల్లసూటు తొడుక్కునేముందు ఒకటి అడగాలి: ఇది చిప్పుకోసమా, నాకోసమా?