పురిటిగది నుండి ప్రసూతి గదికి: ప్రసవవేళ స్త్రీ గౌరవం – చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక:

ప్రసవ చరిత్రను సాధారణంగా మాతాశిశు మరణాల తగ్గుదల చరిత్రగా రాస్తారు. అది అవసరమే. అయితే నొప్పులు పడుతున్న స్త్రీతో ఎవరు ఎలా మాట్లాడారు, ఆమె దేహాన్ని ఎవరి అనుమతితో తాకారు, ఆమె చెంత ఎవరిని ఉండనిచ్చారు అన్న ప్రశ్నలు అందులో అరుదుగా వినిపిస్తాయి. తెలుగు ప్రాంతాల అనుభవం ఆధారంగా ఆ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పురుడు – ఆత్మీయత, అంటు:

తెలుగులో ‘పురుడు’ అనే మాటకు ప్రసవమనీ, ప్రసవం వల్ల కలిగే అశౌచమనీ రెండర్థాలున్నాయి. నాటి పురిటిగది స్వభావాన్ని ఈ రెండర్థాలే తెలుపుతాయి. తొలికాన్పు పుట్టింట జరగాలన్న ఆచారం వల్ల తల్లి, అమ్మమ్మ, ఎరిగిన మంత్రసాని గర్భిణి పక్కనే ఉండేవారు. నడుము పట్టే చేయికీ, ధైర్యం చెప్పే మాటకూ కొదవ ఉండేది కాదు. అదే సమయంలో మైల పేరుతో బాలింతను వేరుగా ఉంచేవారు. మాయను, రక్తాన్ని ముట్టే పనిని తక్కువగా చూసిన కులాల స్త్రీలకు, పలుచోట్ల మంగలి స్త్రీలకు, అప్పగించేవారు. “మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి” అన్న సామెతలో ఆమె బాధ్యత ఎంత ఉందో, ఆమె పట్ల చులకన కూడా అంతే ఉంది. పైగా బిడ్డ అడ్డం తిరిగినా, రక్తస్రావం ఆగకపోయినా ఆత్మీయత ఒక్కటే ప్రాణం నిలపలేదు. కనుక పాత పురిటిగదిని గౌరవానికి నిలయంగా కీర్తించలేము.

3. ఆసుపత్రి – మరుగు, మర్యాద:

మద్రాసులో 1844లో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఏర్పడింది. స్త్రీలకు స్త్రీల చేత వైద్యం అందించే లక్ష్యంతో 1885లో డఫరిన్ నిధి మొదలైంది. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రిని ప్రారంభించారు. విశాఖపట్నంలోని ఘోషా ఆసుపత్రి, హైదరాబాదులోని విక్టోరియా జనానా ఆసుపత్రి తమ పేర్లలోనే మరుగుకు హామీ ఇచ్చాయి. అయితే ఆ మర్యాద కుటుంబ ప్రతిష్ఠకు దక్కినంతగా స్త్రీ ఇష్టానికి దక్కలేదు.

మంత్రసానుల శిక్షణకు 1903లో విక్టోరియా స్మారక నిధి ఏర్పడగా, 1926 నాటి మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వృత్తిని నమోదు పరిధిలోకి తెచ్చింది. శిక్షణ వల్ల ప్రసవం సురక్షితమైంది. కానీ శిక్షణ లేని మంత్రసాని అజ్ఞానానికి ప్రతీకగా మిగిలింది. ఆమె చేతిలోని ప్రమాదంతో పాటు ఆమె మాటలోని ఓదార్పు కూడా క్రమంగా తొలగిపోయింది.

4. సమకాలీన స్థితి:

జననీ సురక్షా యోజన 2005లో మొదలయ్యాక ఆసుపత్రి ప్రసవాలు వేగంగా పెరిగాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అవి ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. సిజేరియన్లు వరుసగా 42.4, 60.7 శాతం. ఈ అంకెలే అగౌరవానికి రుజువు కావు. అయితే కోత నిర్ణయంలో స్త్రీ మాటకు చోటెంత అన్న ప్రశ్నను అవి తప్పనిసరి చేస్తాయి. ప్రసవవేళ తిట్టడం, కొట్టడం, అనుమతి లేకుండా చికిత్స చేయడం హక్కుల ఉల్లంఘన అని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 2017లో కేంద్రం ప్రారంభించిన ‘లక్ష్య’ కార్యక్రమం గౌరవప్రదమైన సేవను ప్రసూతి గది నాణ్యతలో భాగం చేసింది.

5. ముగింపు:

పురిటిగదిలో తోడు ఉంది, రక్షణ కొరవడింది. ప్రసూతి గదిలో రక్షణ పెరిగింది, తోడు తగ్గింది. రెండింటా స్త్రీ అంగీకారాన్ని అడిగిన సందర్భాలు స్వల్పం. అందువల్ల గౌరవాన్ని పోగొట్టుకున్న సంప్రదాయంగానో, ఆధునిక వైద్యం ఇచ్చిన వరంగానో భావించడం సరికాదు. అది ఇంకా సాధించుకోవలసిన హక్కు.