డ్రమ్ము పొయ్యికి బుర్ర ఎలా వచ్చింది?

స్మోకర్ అంటే తెలుసు కదా? మాంసాన్ని మంట మీద కాకుండా, పొగలో, తక్కువ వేడి మీద గంటల తరబడి వండే పొయ్యి. టెక్సాస్‌లో మనవాళ్లెవరైనా ఉంటే ఫొటోలు పంపే ఉంటారు. నేను కూడా 200 లీటర్ల ఇనప డ్రమ్ముతో ఒకటి కట్టుకున్నాను. డ్రమ్ము, బొగ్గుల బుట్ట, పైన జాలీ, మూత. ఇదంతా ఒక్క రోజు పని. అసలు పనంతా లోపలి వేడిని 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది గంటలు కదలకుండా నిలబెట్టడంలోనే ఉంది. ఇవాళ చెప్పేది ఆ కథే.

అంత పట్టింపు ఎందుకు, కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుంది అంటారా? జర్మనీలో వుర్టెంబెర్గ్ అనే రాజ్యం ఉండేది. అక్కడ పొగబెట్టిన సాసేజ్‌లు తిని జనం చనిపోతుండేవాళ్లు. చూపు మసకబారి, రెప్పలు వాలిపోయి, గొంతు దిగక, చివరికి ఊపిరి ఆగిపోయేది. యుస్టినస్ కెర్నర్ అనే డాక్టర్ 1820లో, మళ్లీ 1822లో ఈ కేసుల్ని వరసగా రాసిపెట్టాడు. ఆయన కవి కూడా. ఆ విషాన్ని కొద్దిగా తన మీదే పరీక్షించుకున్నాడు, అదీ ఆయన ధైర్యం. లాటిన్‌లో సాసేజ్‌ని బోటులస్ అంటారు, ఆ జబ్బుకి బోటులిజం అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. 1895లో బెల్జియంలోని ఎలెజెల్ అనే ఊళ్లో, ఒక అంత్యక్రియల భోజనంలో ఉడికించని పంది తొడ మాంసం తిని ముగ్గురు చనిపోయారు. అప్పుడు వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఆ క్రిమిని పట్టుకున్నాడు. గాలి తగలని చోట, గోరువెచ్చటి వేడిలో అది హాయిగా పెరుగుతుంది. పొగ ఒక్కటే మనల్ని కాపాడదు, ఉప్పూ వేడీ సరిపడా ఉండాలి. వేడి మరీ పెరిగితే మాంసం పాడవుతుంది, తగ్గితే మనిషి పాడవుతాడు.

సరే, వేడిని అదుపు చేయడం ఎలా? మన ఇళ్లలోనే రెండు పద్ధతులుండేవి. కట్టెల పొయ్యి దగ్గర అమ్మమ్మ ఏం చేసేది? మంట ఎక్కువైతే కట్టె బయటికి లాగేది. అంటే వంటచెరుకుని అదుపు చేయడం. బొగ్గుల కుంపటి అలా కాదు. బొగ్గు వేసేశాక కింది కన్నం దగ్గర విసనకర్రతో విసరడమే. అంటే గాలిని అదుపు చేయడం. డ్రమ్ములో ఒకసారి బొగ్గు నింపి మూత పెట్టాక బయటికి లాగలేం కదా, అందుకే స్మోకర్ కుంపటి జాతిది. గాలి ఎంత ఇస్తే నిప్పు అంతే.

ఆ విసనకర్ర పనిని మనిషి లేకుండా చేయించినవాడు కార్నెలిస్ డ్రెబెల్. 1572లో హాలండ్‌లోని ఆల్క్‌మార్‌లో పుట్టి, ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ కొలువులో చేరాడు. థేమ్స్ నదిలో జలాంతర్గామి నడిపినవాడూ ఇతనే. ఇతను కోడిగుడ్లు పొదిగే పెట్టె ఒకటి చేశాడు. కింద నిప్పు, మధ్యలో నీళ్ల గోడ, ఆ నీళ్లలో ఆల్కహాల్ నింపిన గాజు బుడ్డి, దాని చివర పాదరసం. వేడి పెరిగితే ఆల్కహాల్ ఉబ్బి పాదరసాన్ని పైకి తోస్తుంది, పాదరసం ఒక పుల్లని లేపుతుంది, ఆ పుల్ల పొగ బయటికి పోయే కన్నం మీద మూతని దించుతుంది. పొగ పోకపోతే కొత్త గాలి రాదు, నిప్పు తగ్గుతుంది. చల్లబడితే మళ్లీ తెరుచుకుంటుంది. కరెంటు లేదు, కాపలా లేదు. నా దృష్టిలో నీళ్లలో నడిచే పడవకన్నా ఈ పెట్టే గొప్పది. లోకం అలా అనుకోలేదు లెండి. చివరి రోజుల్లో అతను లండన్‌లో సారా అంగడి లాంటిది నడుపుకుంటూ బతికాడు, 1633లో పోయాడు. థర్మోస్టాట్ అనే మాటే ఆ తర్వాత రెండు వందల ఏళ్లకి, 1830లో, ఆండ్రూ యూర్ పేటెంట్‌తో వచ్చింది.

మరి మాంసం, చేపలు పొగబెట్టేవాళ్లు ఏం చేసేవాళ్లు? స్కాట్లండ్ తీరంలో ఆర్‌బ్రోత్ స్మోకీ అనే చేప ఉంది. హాడక్ చేపల్ని ఉప్పులో ఉంచి, రెండేసి తోకల దగ్గర కట్టి, నేలలో పాతిన పీపాలో వేలాడదీసి, పైన తడి గోనెసంచులు కప్పుతారు. మంట రేగితే ఇంకో గోనె వేస్తారు, మందగిస్తే ఒకటి తీస్తారు. థర్మోస్టాట్ అంతా చేతిలోనే ఉంది! (ఇంగ్లిష్‌లో గన్నీ అనే మాట మన దేశపు గోనె నుంచే వెళ్లింది.) అదే దేశంలో అబర్డీన్ దగ్గర టోరీ రీసెర్చ్ స్టేషన్ వాళ్లు 1939లో ఫ్యాన్లు, హీటర్లు పెట్టిన కొలిమి తయారుచేశారు. అంతకుముందు ఎత్తైన ఇటుక గూళ్లలో పొగబెట్టేవాళ్లు. ముసురు పట్టిన రోజున చేప ఆరేది కాదు. టోరీ కొలిమి వచ్చాక బయట వాన పడ్డా లోపల లెక్క మారలేదు. 1952లో చికాగో వైపు జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తాను పనిచేసే ఫ్యాక్టరీలో చేసే ఇనప బోయాని సగానికి కోసి, మూతా గాలి కన్నాలూ పెట్టి వెబర్ కెటిల్ చేశాడు. ఇంటి పెరట్లోకి గాలి అదుపు వచ్చింది అలాగే.

ఇంకో సమస్య మిగిలింది. మామూలు థర్మోస్టాట్‌కి తెరవడం, మూయడం తప్ప ఏమీ రాదు. 110 దాటాక మూస్తుంది, కానీ అప్పటికే రాజుకున్న బొగ్గు 125 దాకా లాక్కుపోతుంది. దీనికి జవాబు వంటింట్లో దొరకలేదు, యుద్ధనౌకలో దొరికింది. రష్యాలో పుట్టిన నికొలస్ మినోర్‌స్కీ అమెరికా నేవీలో చుక్కాని పట్టే సరంగుల్ని గమనించాడు. మంచి సరంగు ఓడ ఇప్పుడు ఎంత పక్కకి పోయిందో ఒక్కటే చూడడు. ఎంతసేపటి నుంచి అలా పోతోందో, ఎంత వేగంగా తిరుగుతోందో కూడా చూసి, ఓడ దారికి రాకముందే చుక్కానిని వెనక్కి తిప్పడం మొదలుపెడతాడు. 1922లో మినోర్‌స్కీ దాన్ని లెక్కగా రాశాడు. న్యూ మెక్సికో అనే యుద్ధనౌక మీద పరీక్షించారు, బాగానే పనిచేసింది. నావికులకి మాత్రం నచ్చలేదు, నేవీ పక్కన పెట్టేసింది. తర్వాత అదే లెక్క ఫ్యాక్టరీల్లోకి వెళ్లి ఇవాళ పీఐడీ కంట్రోలర్ అనే చిన్న డబ్బా అయింది.

నా డ్రమ్ములో జరిగేది సరిగ్గా అదే. జాలీ పక్కన, మాంసానికి తగలకుండా, కె-టైప్ థర్మోకపుల్. కింద ఒక్క కన్నానికి కంప్యూటర్ ఫ్యాన్ లాంటి చిన్న బ్లోయర్, మిగతా గాలి కన్నాలన్నీ మూత. వేడి 100కి చేరేలోపే డబ్బా ఫ్యాన్‌ని నెమ్మది చేసేస్తుంది, ఇంకా పది డిగ్రీలు ఉండగానే. అచ్చం ఆ సరంగులాగా.

కట్టుకునేవాళ్లకి రెండు మాటలు. లోపల ఏ కెమికల్ పోశారో తెలియని డ్రమ్ము వద్దు, జింకు పూత ఉన్నదీ వద్దు, వేడికి వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. మూత అంచు దగ్గర సందుంటే ఫ్యాన్ ఆగినా నిప్పు ఆగదు. అందుకే కంట్రోలర్ కొనకముందే ఒకసారి ఖాళీ డ్రమ్ములో బొగ్గు రాజేసి, కన్నాలన్నీ మూసి, వేడి ఎంతసేపట్లో పడిపోతుందో చూడండి. పడిపోకపోతే ముందు మూత సంగతి చూడాలి. కోడి మాంసమైతే లోపల 74 డిగ్రీలు వచ్చిందో లేదో వేరే థర్మామీటర్ గుచ్చి చూశాకే ప్లేట్లోకి తీయండి.