మందుకు చిక్కని కణాల లెక్క

1947 డిసెంబర్ చివర్లో బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు అమినోప్టెరిన్ అనే కొత్త మందు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మందు వచ్చింది లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం చేతుల మీదుగా. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి: 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఆ పిల్లలకు చావు తప్ప వేరే దారి లేదు. కానీ కొన్ని నెలలకే జబ్బు మళ్లీ వచ్చింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

జబ్బు తిరగబెట్టడానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువే. కణాలు మందుకు లొంగకుండా మారిపోవడం ఒకటి. రెండోది మందు పనిచేసే తీరులోనే ఉంది. కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్ఏకి నకలు తీసుకోవాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అమినోప్టెరిన్, తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ ఆ ఫోలిక్ ఆమ్లాన్ని పనిచేయనివ్వవు. కాబట్టి నకలు తీస్తున్న కణం చస్తుంది. విభజన ఆపి విశ్రాంతిగా ఉన్నది బతుకుతుంది. మా అనంతపురం ఎర్రనేలల రైతుకు ఇది తెలియని సంగతి కాదు. తొలకరికి మొలిచిన కలుపును గుంటక తోలి తీసేస్తాడు. మొలవకుండా మట్టిలో ఆగిన విత్తనం తర్వాతి వానకు పైకొస్తుంది.

ఈ విశ్రాంత కణాలకు లెక్కల్లో చోటిచ్చినవాళ్లలో ముందువరసలో నిలిచే శాస్త్రవేత్త లాస్లో లైతా. 1962లో ఆలివర్, గర్నీలతో కలిసి ఆయన ఎముక మజ్జలోని మూలకణాలకు ఒక నమూనా కట్టారు. అందులో చాలా కణాలు విభజన చక్రానికి బయట ఊరికే ఉంటాయి, అవసరం పడినప్పుడు లోపలికి వస్తాయి. 1964లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో హోవార్డ్ స్కిప్పర్ ఎలుకల రక్త క్యాన్సర్ (ల్యుకేమియా) మీద ఇంకో లెక్క తేల్చారు: ఒక్కో మోతాదు చంపేది ఇన్ని కణాలని కాదు, ఇంత వంతు అని. మోతాదుకు 99.9 శాతం చస్తే 100 కోట్ల కణాలు 10 లక్షలవుతాయి, ఆపైన 1000, ఆపైన 1. ఆ ఒక్కటి మిగిలినా ఎలుక చచ్చేది. అయితే ఆ ఎలుకల జబ్బులో దాదాపు ప్రతి కణమూ విభజనలోనే ఉండేది. మనుషుల్లో అలా ఉండదు.

అందుకే రెండు సమీకరణాలు అవసరమయ్యాయి. ఒకటి విభజన కణాలకు, ఒకటి విశ్రాంత కణాలకు. వాటి మధ్య రాకపోకలకు రెండు వేగాలు. మందు వల్ల చావు మొదటి సమీకరణంలోనే కనిపిస్తుంది. ఈ లెక్క సాధిస్తే తేలేదే నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా విలువైనది: మోతాదు ఎంత పెంచినా, విభజన కణాలు పోయాక, విశ్రాంత కణాలు తిరిగి విభజనలోకి వచ్చే వేగాన్ని మించి జబ్బు తరగదు. అంటే ఒక హద్దు దాటాక తేడా తెచ్చేది మోతాదు కాదు, కాలం. తర్వాత 1978లో మైకేల్ మాకీ ఇలాంటి నమూనాతోనే కొన్ని రక్తవ్యాధుల్లో కణాల సంఖ్య ఎందుకు ఎగుడుదిగుడు అవుతుందో వివరించారు. కణితి పెరిగేకొద్దీ పెరుగుదల ఎందుకు మందగిస్తుందో గిలెన్‌బర్గ్, వెబ్ చూపించారు.

వైద్యులు సమీకరణాల కోసం ఆగలేదు. 1962 నుంచి మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ చాలా మందులు కలిపి, రెండు మూడేళ్లపాటు వాడించారు. ఆ దశాబ్దం ముగిసేసరికి సుమారు సగం మంది పిల్లలు పూర్తిగా కోలుకునే స్థితి వచ్చింది. సుబ్బారావుగారి పరిశోధన నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ ఆ చికిత్సలో ఉంది, నేటికీ ఉంది.

ఈ జబ్బు చికిత్సకు అనంతపురం నుంచి బెంగళూరు దాకా బిడ్డను తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. ఇంటికొచ్చాక పిల్లవాడు ఆడుకుంటున్నా, రక్తపరీక్ష బాగున్నా, విశ్రాంత కణాలు ఇంకా మిగిలి ఉండొచ్చు; డాక్టరు చాలనేదాకా మందులు ఆపకండి. ఖర్చో ప్రయాణమో భారమైతే ఆ సంగతి డాక్టరుకే చెప్పండి.